మలుపు దగ్గర అర అంగుళం

నాంట్ గ్లాస్,
శనివారం, 9 జూన్ 1973.

ఓల్వెన్‌కు ఇద్వాల్ రాసేది.

ఇక్కడ నేను క్షేమం, నీ కోళ్ళు ఏడూ క్షేమం. నీ చెల్లెలు మెన్నా కర్రసాయం లేకుండా మెట్లు దిగుతోందని రాశావు, సంతోషం. ఆ లివర్‌పూల్ పొగలో మీరిద్దరూ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోండి. క్షేమసమాచారం ఇంతటితో సరి. మిగిలిన ఉత్తరమంతా కోపమే కాబట్టి టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చుని చదువు.

బుధవారం నేనిచ్చిన టెలిగ్రాం చూసి హడలిపోయి ఉంటావు. "శనివారం రావద్దు, బండి లేదు, ఉత్తరం రాస్తాను" అని ఇచ్చాను. టెలిగ్రాంలో అంతకంటే ఏం చెప్పగలను? దానికి నువ్వు పంపిన కార్డు నిన్న పొద్దున అందింది. "ఆ పళ్ళ డాక్టరు మీద కోపం ఉంటే ఆయన మీదే చూపించుకోండి. మా నాన్న నడిపిన ఇంజిను వెనక నన్ను కూర్చోనివ్వకపోవడం ఏమిటి?" అని నిలదీశావు. నాకు కోపం ఉన్నమాట నిజమే. బండి ఆగింది మాత్రం అందువల్ల కాదు. ఎందువల్లో రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

నడుం నొప్పి అలాగే ఉంది. మాంసం పులుసు రెండుసార్లు మాడబెట్టాను, నువ్వు దాచిన మంచి గిన్నెలో కాదులే. ఎర్ర కోడి పొదగడం మానేసింది. గోడ పక్కన గేటుకు రంగు వేయలేదు, వేస్తాను. పట్టాలు కొలిచే గేజి బద్ద, లైను మళ్ళీ వేస్తున్న ఆ రైలు సంఘం వాళ్ళకి ఇచ్చారా అని మూడు ఉత్తరాల్లో మూడుసార్లు అడిగావు. ఇవ్వలేదు. మంచం కిందే ఉంది, అంటే బుధవారం దాకా ఉంది.

ఎందుకివ్వలేదో నీకు తెలుసు. తెలిసినా మళ్ళీ చెబుతాను, నాకు చెప్పుకోవాలని ఉంది. పలకరాయి క్వారీ మూతపడ్డాక, నలభై ఆరులో, ఆ చిన్న లైను పీకేయమని కంపెనీ ఎవరికి చెప్పింది? మా గ్యాంగుకే. మా తాత వేసిన పట్టాలు, వాటి కింద మా నాన్న మార్చిన స్లీపరు దుంగలు, నేను పద్దెనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే సుత్తి పట్టుకుని నడిచి చూసుకున్న దారి. ఆరు మైళ్ళూ మా చేతులతోనే ఊడదీసి, తుక్కు లారీలకు ఎత్తాం. పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాల్లో ఈ లోయలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వచ్చి మా పక్కన నిలబడలేదు. మేకులు కంచెలకు పనికొస్తాయేమోనని అడగడానికి మాత్రం వచ్చారు. మీ నాన్న ఆఖరిసారి తన ఇంజిను మార్గెడ్‌ను షెడ్డులో పెట్టి, తలుపు వేసి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు ఊళ్ళో జెండాలు లేవు.

ఇప్పుడు జెండాలు కట్టారు. ఇరవై ఏడేళ్ళ తర్వాత మాంచెస్టర్ నుంచి వచ్చిన ఒక రిటైరైన పళ్ళ డాక్టరు చెబితేగాని ఈ ఊరికి తనకో రైలు ఉండేదని గుర్తు రాలేదు. రెండు మైళ్ళ లైను మళ్ళీ వేస్తారట, చుట్టాలూ పర్యాటకులూ ఎక్కి లోయ చూస్తారట. వేసుకోనీ. కానీ ఆ విట్‌లాక్ దొర లండన్ పాత కాగితాల గదుల్లో రెండేళ్ళు దుమ్ము పీల్చాడు కాని, మన గేటు దాకా నడిచి 'ఇద్వాల్, ఈ పని ఎలా చేసేవారు?' అని ఒక్కసారి అడగలేదు. మన గేటుకూ షెడ్డుకూ మధ్య రెండువందల గజాలు.

అడగలేదంటే పూర్తిగా నిజం కాదు. నువ్వు వెళ్ళిన మరుసటి వారం ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. నాకేమో ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడాలంటే నాలుక తిరగదు, కోపం వస్తే మాత్రం చక్కగా తిరుగుతుంది.

"మీతో చిన్న పని పడిందండీ" అన్నాడు.

గేజి బద్ద కోసం వచ్చాడనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఓల్వెన్, ఆ క్షణంలో అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ణి. మంచం వైపు ఒకడుగు వేశాను కూడా.

ఆయన పెట్టె విప్పాడు. లోపల వెల్వెట్ ప్యాంటు, ఎర్ర రుమాలు, టోపీ, గాజు పగిలిన ఒక లాంతరు.

"స్టేషన్లో వీటితో నిలబడితే చాలండీ. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. అచ్చం పాతకాలం గ్యాంగు మేస్త్రీలా ఉంటారు మీరు."

"మేస్త్రీలా ఉంటానా?"

"అవునండీ, మీ ముఖంలో ఆ కళ ఉంది."

"దొరగారూ, మేం ఎప్పుడూ వెల్వెట్ వేసుకోలేదు. మా ప్యాంట్లకి మోకాళ్ళ దగ్గర గోనెపట్టా చుట్టుకునేవాళ్ళం."

"అది ఫొటోలో అంత బావుండదేమోనండీ" అన్నాడు.

ఒళ్ళు మండింది. తలుపు తీసి పట్టుకున్నాను. పెట్టె మాత్రం ఇక్కడే వదిలేసి పోయాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను, వాళ్ళు ఏం చేసినా నేను నోరు మెదపనని. నా నోరు నాది.

ఆ తర్వాత చాపెల్ మలుపు వేయడం మొదలుపెట్టారు. ఎప్పుడనుకున్నావు? ఆదివారం. చాపెల్ లోపల ప్రార్థన జరుగుతుంటే బయట సుత్తి మోత. ప్రార్థన చేయించే మన పెద్దాయన కరాదోగ్ గొంతు పెంచాడు, వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు, ఈయన ఇంకా పెంచాడు. దేవుడికి ఎవరి మాట వినపడిందో తెలీదు. ప్రార్థనయ్యాక నేను సమాధుల గోడ దగ్గర నిలబడి చూశాను. బ్యాంకు గుమాస్తాలు, ఒక స్కూలు మాస్టరు, మధ్యలో పళ్ళు పీకిన చేతులతో మేకులు కొడుతున్న విట్‌లాక్. నన్ను చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

ఊపుతూనే చూశాను. వాళ్ళ చేతిలో కొత్త గేజి బద్ద, తళతళలాడుతోంది. పట్టాల మధ్య దూరం ఎంత ఉండాలో కొలిచే ఇనప కడ్డీయే కదా, దాన్ని నేరు దారిలో ఎలా పెట్టారో మలుపులోనూ అలాగే పెట్టి మేకులు దించేస్తున్నారు. నా నోట నలభై ఏళ్ళుగా విని విని నీకే తెలుసు. నేరు దారిలో పట్టాల మధ్య రెండడుగులకు అర అంగుళం తక్కువ. చాపెల్ మలుపులో ఆ అర అంగుళం వదలాలి, నిండా రెండడుగులు ఉండాలి. మార్గెడ్‌కు ఆరు చక్రాలు, ఆరూ ఒకే చట్రంలో బిగించినవి, అది వంగదు. వదులు లేకపోతే బయటి పట్టా మీదికి చక్రం ఎక్కేస్తుంది. ఎక్కితే అక్కడి నుంచి కిందికి పాతిక అడుగులు, అడుగున ఏరు.

అది వాళ్ళ ప్లానులో లేదు. ఉండదు. ఆ వదులు ఏ దొరా గీయలేదు. పూర్వం రెండుసార్లు ఇంజిను పడ్డాక మా తాత కనిపెట్టాడు, మా నాన్న బద్దకి ఆకురాయితో రెండో గాటు కోశాడు. ఒక గాటు నేరు దారికి, రెండోది మలుపుకి. ఆ లోకజ్ఞానమంతా మంచం కింద, నీ పాత చెప్పుల పక్కన పడి ఉంది.

వాళ్ళు నాలుగు చక్రాల చిన్న తోపుడు బండిని ఆ మలుపులో తోసి చూసుకుని, బ్రహ్మాండంగా ఉందని చప్పట్లు కొట్టుకున్నారు. మార్గెడ్ అప్పటికింకా వర్క్‌షాపు నుంచి రాలేదు. ప్రభుత్వ తనిఖీ వచ్చే నెలలో. ఈ శనివారం బండి మాత్రం సంఘం వాళ్ళకీ, పిలిచినవాళ్ళకీ. ఎక్కేవాళ్ళ పేర్లు పోస్టాఫీసు తలుపుకు అంటించారు, మొత్తం నలభై రెండు. అందులో చాపెల్ ఆదివారం బడి పిల్లలు పద్దెనిమిది మంది. తుదుర్ పేరు కూడా ఉంది.

తుదుర్ గురించి రాయాలి. నా గ్యాంగులో మిగిలింది వాడొక్కడే, వాడికీ కళ్ళకి పొరలు కమ్మి వెలుతురు తప్ప ఏమీ కనపడదు. మే నెలలో ఒకరోజు మన గోడ మీద కూర్చుని అడిగాడు.

"ఏరా, మలుపు ఎలా వేశారు?"

"బాగానే వేశార్రా" అన్నాను.

"వదులు వదిలారా?"

"బాగానే వేశారని చెప్పానుగా."

"నువ్వు చూశావుగా, చాల్లే. నా పేరు రాయించుకుంటా అయితే" అని కర్ర పట్టుకుని పోస్టాఫీసుకు నడిచాడు. నేను ఆపలేదు.

నీ ఉత్తరం బుధవారం పొద్దున వచ్చింది. విట్‌లాక్ దొర మీ నాన్న పేరు వెతికి పట్టుకుని, ఆఖరి డ్రైవరు కూతురివని నీకు ఆహ్వానం పంపాడని, మొదటి పెట్టెలో మొదటి సీటు నీదని, నాకు చెప్పకుండా వచ్చి నన్ను ఆశ్చర్యపరుద్దామనుకుని మళ్ళీ ఆగలేక రాసేశానని రాశావు. చదివి కుర్చీలోంచి లేచాను. మంచం కింద నుంచి బద్ద తీశాను. నడుం నొప్పి ఉన్నట్టే తెలియలేదు.

షెడ్డులో మార్గెడ్ ఆవిరి మీద ఉంది, ముందురోజే లారీలో దింపారట. ఆకుపచ్చ రంగు వేశారు. మీ నాన్న చూస్తే తిట్టేవాడు, కాని ఏడ్చేవాడు కూడా.

"విట్‌లాక్ గారూ, మలుపు బిగుతుగా ఉంది. ఇది తిరగదు" అన్నాను.

"అన్నీ అసలు ప్లాను ప్రకారమే వేశామండీ. పదహారో వంతు అంగుళం కూడా తేడా లేదు."

"అదే చెబుతున్నాను. తేడా ఉండాలి."

"ఎక్కడ రాసుంది?"

నా బద్ద తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండో గాటు మీద వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ రాసుంది. మా నాన్న రాశాడు."

నమ్మలేదు. పోనీ పరీక్షించండి అన్నాను. వెనక పెట్టెలు లేకుండా, మనిషి నడకతో, డ్రైవరు తప్ప ఎవరూ ఎక్కకుండా మార్గెడ్‌ను మలుపులోకి పంపారు. మొదట పట్టా మూలిగింది. తర్వాత పళ్ళు జివ్వుమనేలా అరిచింది. ముందు బయటి చక్రం మెల్లగా, చాలా మెల్లగా, పట్టా మీదికి లేచింది. డ్రైవరు బ్రేకు వేశాడు. అయినా చక్రం అవతలకి దిగి స్లీపరును చీల్చి ఆగింది. నడక వేగంలో వెళ్ళింది కాబట్టి ఆగింది. కింద ఏరు పారుతున్న చప్పుడు వినపడింది.

విట్‌లాక్ టోపీ తీశాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. "మీరు దీన్ని ఇవాళే గమనించారా?" అని అడిగాడు.

"ఇవాళే" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు, ఓల్వెన్. నాకు. ఆ స్కూలు మాస్టరు ఈ మలుపుకు ఇద్వాల్ మలుపని బోర్డు పెడదామన్నాడు. విట్‌లాక్ భార్య కేకు తెచ్చింది. నేను తిన్నాను, రెండు ముక్కలు. ఆ తర్వాతే పోస్టాఫీసుకు వెళ్ళి నీకు టెలిగ్రాం ఇచ్చాను.

ఇవాళే కాదు. ఇందాక గోడ మీంచి చూశానని మాత్రమే రాశాను, అది సగమే. ఏప్రిల్ ఆఖరి సోమవారం, వాళ్ళందరూ మాంచెస్టర్ వెళ్ళిపోయాక, సాయంత్రం వెలుతురుండగానే బద్ద కోటు కింద దాచుకుని మలుపుకు వెళ్ళాను. పదకొండు చోట్ల పెట్టి చూశాను. పదకొండు చోట్లా రెండో గాటు కూర్చోలేదు. అనుమానం కాదు, కొలిచి తెలుసుకున్నాను. ఇంటికొచ్చి హాయిగా భోంచేశాను. పడనీ, అనుకున్నాను. పడితేగాని వీళ్ళకి మేమెవరమో తెలియదనుకున్నాను. ఖాళీ ఇంజిను పడుతుందని, ఎవరికీ ఏమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత తలుపు మీద పేర్లు చదివాను. పద్దెనిమిది మంది పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చదివాను, వాళ్ళ తాతలందరూ నాకు తెలుసు. చదివి ఇంటికొచ్చాను. తుదుర్ అడిగితే అబద్ధం చెప్పాను. ఐదు వారాల పైన అలా ఉన్నాను. ఆ పిల్లల పేర్లు చదివి కదలని కాళ్ళు నీ పేరు చూశాకే కదిలాయి. ఈ ముక్క రాయలేకే ఇందాకటి నుంచి కోళ్ళ గురించీ గేటు గురించీ రాశాను. నాకు ఊరి మీద కోపం, దొర మీద కోపం, కంపెనీ మీద కోపం అని ఇన్నేళ్ళు అనుకున్నాను. బుధవారం రాత్రి నుంచి ఆ కోపమంతా ఒకే మనిషి మీదికి తిరిగింది, వాడు ఈ ఇంట్లోనే ఉన్నాడు, వాడికి నేనే వండి పెట్టాలి.

గురువారం పొద్దున వెల్వెట్ పెట్టె పట్టుకుని షెడ్డుకు వెళ్ళి విట్‌లాక్‌కు ఉన్నదంతా చెప్పాను.

"ఐదు వారాలు" అన్నాడు.

"పైనే."

"పిల్లలు ఎక్కుతారని తెలుసు మీకు."

"తెలుసు. పేర్లు చదివాను."

ఆ మనిషికి అంత కోపం ఉంటుందని నేననుకోలేదు. "నలభై ఏళ్ళు మనుషుల నోళ్ళలో చేతులు పెట్టి పనిచేశానయ్యా నేను. ఎక్కడ కుళ్ళిందో కళ్ళారా చూసి, చెప్పకుండా ఇంటికి పంపేసిన మనిషిని ఒక్కణ్ణీ చూళ్ళేదు. ఇవాళ చూశా" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. నన్నెందుకు అడగలేదని నేనూ అనవచ్చు, అది నిజమే, కాని ఆ పేర్ల ముందు దానికి బరువు లేదు.

ఆఖర్న ఆయన పెట్టె లాక్కుని మూలకు విసిరాడు. "పొమ్మనాలి నిన్ను. పొమ్మంటే ఆ మలుపు వేయడం తెలిసినవాడు ఇంకొకడు లేడు. రేపు ఏడింటికి రా. పని బట్టలు వేసుకుని రా. ఆలస్యం చేశావో, ఊరుకునేది లేదు" అన్నాడు.

ఆయన నన్ను 'మీరు' అనడం మానేశాడని ఇంటికొచ్చాకగాని తట్టలేదు. నలభై ఆరు తర్వాత పనికి ఆలస్యం చేయకని నాతో అన్నవాడు ఆయనొక్కడే.

నిన్న ఏడింటికి పావుగంట ముందే వెళ్ళాను, మోకాళ్ళకి గోనెపట్టా చుట్టుకుని. ఇవాళ బండి నడవాల్సిన వేళకు మేమంతా మలుపులో మేకులు పీకుతున్నాం. బ్యాంకు గుమాస్తాలకి గడ్డపార పట్టడం రాదు, నేర్పుతున్నాను, తిడుతున్నాను, పడుతున్నారు. నా గ్యాంగులో ఆదివారం సుత్తి లేవదని చెప్పాను. విట్‌లాక్ ముఖం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. నాతో ఇంకా పని మాటలే మాట్లాడుతున్నాడు, అది న్యాయమే. పిల్లల ఇళ్ళవాళ్ళకి రేపు చాపెల్లో ప్రార్థనయ్యాక నేనే చెబుతాను, నా నోటితోనే. తుదుర్‌కు నిన్న సాయంత్రం చెప్పాను. వాడు లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఇవాళ కూడా తీయలేదు.

కొత్త తేదీ జూన్ ముప్పై, అదీ శనివారమే. నువ్వు వస్తావో రావో, వచ్చినా నాతో మాట్లాడతావో లేదో నీ ఇష్టం. తిట్లు మాత్రం ఉత్తరంలో పంపకు, వచ్చి ఎదురుగా తిట్టు. మా గ్యాంగు ఆచారం నీకు గుర్తుండే ఉంటుంది. పట్టా మార్చిన తర్వాత మొదటి బండికి, ఇంజిను ముందు దూలం మీద మేస్త్రీ నిలబడాలి. పని తప్పయితే ముందు వాడే పడాలని. మా నాన్న నిలబడ్డాడు, మీ నాన్న తోలుతుంటే నేను నిలబడ్డాను. అక్కడ జిల్లా నుంచి వచ్చే పెద్దమనిషిని నిలబెట్టి ఫొటో తీయాలని వీళ్ళ ఆలోచన. అది కుదరదని విట్‌లాక్‌కు చెప్పాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. "అయితే నేనూ వేశాను కదా" అన్నాడు. దూలం మీద ఇద్దరికి చోటుంది.

నువ్వు వస్తే మొదటి పెట్టెలోనే కూర్చో, మీ నాన్న పేరు మీద ఇచ్చిన సీటు అది. తుదుర్ తలుపు తెరిస్తే వాణ్ణి నీ పక్కన కూర్చోబెట్టుకో. మలుపు దగ్గర కళ్ళు మూసుకోకు, కిటికీలోంచి తల బయటికి పెట్టి చూడు. ఎలా వేశారని వాడు ఈసారి నిన్ను అడుగుతాడు. ఉన్నదున్నట్టు చెప్పు.

ఇట్లు,
నీ పెనిమిటి,
ఇద్వాల్